రోగం లేనివాళ్ళకి పరీక్షలెందుకు?

"మాది చిన్న పట్నం. మా వీధిలో ఇంటింటికీ వచ్చి ఆరోగ్య సర్వే అంటున్నారు. మావారు, నేను, మా అత్తగారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, పదో తరగతి చదివే మా అబ్బాయి, అందరం రావాలట. రక్తం తీస్తారట. మళ్ళీ కొన్నేళ్ళకోసారి పిలుస్తారట. ఎన్నేళ్ళని అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు. మా అత్తగారికి బి.పి. తప్పిస్తే మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. జబ్బు లేనివాళ్ళని పట్టుకుని ఈ పరీక్షలెందుకు? మందులివ్వరట, డబ్బులూ ఇవ్వరట. పైగా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. లేనిపోని జబ్బేదో కాగితం మీద రాసిపెడితే, అది నలుగురికీ తెలిస్తే పిల్ల గతి ఏమిటని మా అత్తగారి భయం. వెళ్ళమంటారా, వద్దంటారా?"

ఒక గృహిణి రాసిన వుత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు కనుక వేయటం లేదు. ఆమె అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఒక్కొక్కటే చూద్దాం.

జబ్బు లేనివాళ్ళే ఎందుకు కావాలి?

ఆస్పత్రికి వచ్చేవాడు జబ్బు వచ్చాక వస్తాడు. గుండెపోటు వచ్చి మంచంమీద వున్న మనిషిని "పదేళ్ళ క్రితం నీ రక్తపుపోటు ఎంత? రక్తంలో కొవ్వు ఎంత?" అని అడిగితే ఏం చెబుతాడు? అప్పుడు కొలిచిన వాళ్ళెవరు? పైగా జబ్బు పడ్డాక మనిషి జ్ఞాపకం కూడా మారిపోతుంది. "మొన్న మా బావమరిది పెళ్ళిలో గారెలు ఎక్కువ తిన్నాను, అందుకే వచ్చింది" అంటాడు. కాని గుండెపోటు మొన్నటి పెళ్ళిలో పుట్టినది కాదు. ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు రక్తనాళాలలో చాపకింద నీరులా పాకుతూ వచ్చింది. ఆ నీరు ఎక్కడ మొదలయిందో తెలియాలంటే చాప ఇంకా పొడిగా వున్నప్పుడే ఎత్తి చూడాలి.

ఇంకొకటి కూడా వుంది. గుండెపోటు వచ్చి ఆస్పత్రికి చేరకుండానే పోయినవాళ్ళని ఆస్పత్రి రికార్డులు లెక్కపెట్టవు. అంచేత ఆస్పత్రిలో కూర్చుని చూస్తే జబ్బు కథలో చివరి అధ్యాయం, అదీ సగమే, కనిపిస్తుంది.

ఈ సంగతి డాక్టర్లకి కూడా ఆలస్యంగానే తెలిసింది. రక్తపుపోటు గురించి మన ఇళ్ళలో ఇప్పటికీ ఒక మాట వినపడుతూ వుంటుంది: వయసుకి నూరు కలుపుకుంటే ఎంతవుతుందో అంతవరకూ వుండవచ్చునని. అరవై ఏళ్ళాయనకి 160 మామూలే అన్నమాట! ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే ఇలా అనుకునేవారు. వయసుతోపాటు రక్తనాళాలు బిగుసుకుపోతాయి, అందులోంచి రక్తాన్ని నెట్టాలంటే పోటు పెరగక తప్పదు, దాన్ని తగ్గిస్తేనే ప్రమాదం అని వాళ్ళ వాదం. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1944 మార్చిలో రక్తపుపోటు 186/108 వుంది. ఆయన వయసుకి ఇది ఫరవాలేదని సొంత వైద్యుడు లోకానికి చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పుడు కొలిస్తే 300/190 దాటింది. అదే రోజు మరణించాడు. అప్పటికి ఆయన వయసు 63. ప్రపంచంలో అన్ని సౌకర్యాలూ వున్న మనిషికే ఈ గతి పట్టింది!

ఆ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ 1948 జూన్‌లో గుండెజబ్బుల పరిశోధనకి ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. అదే ఏడు బోస్టన్ నగరానికి దగ్గరలో వున్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో పరిశోధన మొదలయింది. ఆ పట్నం జనాభా 28 వేలు. అందులో 30 నుంచి 62 ఏళ్ళ మధ్య వయసున్న 5,209 మంది ఆడా మగా పేర్లిచ్చారు. అందులో సగానికి పైగా ఆడవాళ్ళు. గుండెజబ్బు మగవాళ్ళ జబ్బని అందరూ అనుకుంటున్న కాలంలో ఆడవాళ్ళని కూడా చేర్చుకోవడం మెచ్చుకోదగిన సంగతి. రెండేళ్ళకోసారి వచ్చి రక్తం ఇవ్వాలి, ఇ.సి.జి. తీయించుకోవాలి, అడిగినదానికి జవాబులు చెప్పాలి. వైద్యం మాత్రం అక్కడ చేయరు. పరీక్షల ఫలితాలు ఎవరి డాక్టరుకి వారికి పంపేవారు. మీ ఉత్తరంలో వున్నట్లే, మందూ లేదు, డబ్బూ లేదు.

వాళ్ళు ఇచ్చిన దానితో ఏం తేలిందంటే, ఈనాడు మీ వీధి చివర డాక్టరు మిమ్మల్ని అడిగే ప్రశ్నలలో సగం అక్కడినుంచి వచ్చినవే. సిగరెట్టు తాగుతారా? బి.పి. ఎంత? కొలెస్టరాల్ ఎంత? చక్కెర వుందా? 1961లో ఆ పరిశోధకులు ప్రకటించిన వ్యాసంతోనే "రిస్క్ ఫాక్టర్" అన్న మాట వైద్యంలో స్థిరపడింది. అంటే జబ్బు రాకముందే, వచ్చే ముప్పుని పెంచే లక్షణమన్నమాట. చక్కెర వ్యాధి వున్నవారికి గుండెజబ్బు ముప్పు రెట్టింపుకు పైగా వుంటుందని 1970లలో తేల్చారు. అధిక రక్తపుపోటు వయసుతో వచ్చే మామూలు సంగతి కాదు, ఏ వయసులోనైనా అది మెదడుకీ గుండెకీ చేటేనని నిరూపించింది కూడా వీళ్ళే. వయసుకి నూరు కలుపుకునే లెక్క అక్కడితో కొట్టుకుపోవలసింది. మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

తాతలు, కొడుకులు, మనవలు

ఇక కుటుంబమంతా ఎందుకు రావాలన్న ప్రశ్న. ఫ్రేమింగ్‌హామ్‌లో 1969 నాటికి ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇక చాలు, డబ్బివ్వం అన్నారు ప్రభుత్వం వారు. (ఈ మాట ఏ దేశంలోనైనా ఒకటే!) పరిశోధనని నడిపిన డాక్టర్ థామస్ డాబర్ ఊరుకోలేదు. విరాళాలు పోగుచేసి పని ఆగిపోకుండా చూశాడు. 1971లో మొదటివాళ్ళ కొడుకుల్నీ కూతుళ్ళనీ చేర్చుకున్నారు. వాళ్ళతోపాటు వాళ్ళ భార్యల్నీ భర్తల్నీ కూడా చేర్చుకున్నారు. అంతా కలిపి 5,124 మంది. 2002లో మనవలూ మనవరాళ్ళూ మొదలుపెట్టారు. వాళ్ళు 4,095 మంది.

అల్లుళ్ళనీ కోడళ్ళనీ ఎందుకు చేర్చారంటారా? ఆలోచించి చూడండి. తండ్రికీ కొడుకుకీ రక్తం ఒకటే, వంటా ఒకటే. ఇద్దరికీ బి.పి. వస్తే అది రక్తంలోంచి వచ్చిందా, ఊరగాయ జాడీలోంచి వచ్చిందా? ఎలా తేల్చడం? కోడలు వేరే ఇంట పుట్టింది. ఈ ఇంటి ఉప్పు తింటోంది కాని ఈ ఇంటి రక్తం కాదు. ఆమెను కూడా కొలిస్తేనే రక్తం వాటా ఎంత, వంటింటి వాటా ఎంత అనేది విడదీసి చూడటానికి వీలవుతుంది. మీ సర్వేలో మీ అత్తగారితోపాటు మీరూ కావాలనడంలో అర్థం ఇదే.

మరో ప్రయోజనం కూడా వుంది. నలభై ఏళ్ళ వయసులో తాతని కొలిచిన కాగితం వుంది. అదే వయసులో మనవణ్ణి కొలిచిన కాగితమూ వుంది. "మా నాన్నగారు గట్టివాడండీ, ఆ రోజుల్లో ఏ జబ్బులూ లేవు" అని మనమంతా అంటూ వుంటాం. నిజంగా లేవో, కొలిచే దిక్కు లేక తెలియలేదో ఎవరు చెప్పగలరు? ఆ కాగితాలున్నచోట చెప్పవచ్చు.

తండ్రి కాగితమూ కొడుకు కాగితమూ పక్కపక్కన పెట్టి చూసినందువల్ల 2004లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. తండ్రికి 55 ఏళ్ళలోపు గాని, తల్లికి 65 ఏళ్ళలోపు గాని గుండెపోటు, పక్షవాతం వంటిది వచ్చివుంటే, కొడుక్కి ఆ ముప్పు ఇతరులకంటే రెండు రెట్లు, కూతురికి 1.7 రెట్లు వుంటుంది. ఇది పొగ, బి.పి., కొలెస్టరాల్ వగైరాలన్నీ లెక్కలోంచి తీసివేశాక మిగిలిన ముప్పు. అన్నదమ్ములకో అక్కచెల్లెళ్ళకో వచ్చినా ముప్పు పెరుగుతుందని ఆ మరుసటి సంవత్సరం చూపించారు. ఇందులో గమనించవలసింది వాళ్ళు తల్లిదండ్రుల మాట నమ్మి ఊరుకోలేదన్నది. తల్లిదండ్రుల జబ్బు ఎప్పుడు వచ్చిందో వాళ్ళ దస్తరాలలోనే వుంది. కొడుకు జ్ఞాపకం మీద ఆధారపడవలసిన పని లేకపోయింది.

వాళ్ళ తిండి వేరు, మన తిండి వేరు

"ఇదంతా తెల్లవాళ్ళ సంగతి. గొడ్డుమాంసం తినేవాళ్ళకీ గోంగూర తినేవాళ్ళకీ ఒకటే లెక్కా?" అని మీకు అనిపించవచ్చు. నిజమే. ఫ్రేమింగ్‌హామ్ వాళ్ళు దాదాపు అందరూ ఐరోపా సంతతివాళ్ళు. మన సంగతి కొంత వేరని అంకెలు కూడా చెబుతున్నాయి. యాభైకి పైగా దేశాలలో జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2007లో వచ్చాయి. దాని ప్రకారం మొదటిసారి గుండెపోటు వచ్చే నడిమి వయసు ఇతర దేశాలవారికి 58.8 ఏళ్ళయితే, భారతదేశం చుట్టుపక్కల దేశాలవారికి 53 ఏళ్ళు. ఇంచుమించు ఆరేళ్ళు ముందు! పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు పూర్తికాని వయసు అది. కనుకనే మన ఊళ్ళలో, మన ఇళ్ళలో ఇటువంటి పరిశోధన కావాలి. అటువంటిది ఒకటి మన దగ్గరే జరిగిందని చాలామందికి తెలియదు.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది. ఈ సంస్థవారు 1987-90 మధ్య నగరానికి దగ్గరలో, నేటి తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో, 29 గ్రామాలు తీసుకున్నారు. వాటిలో 15 గ్రామాలకి అప్పటికే అంగన్‌వాడీ పథకం వచ్చింది. పక్కనే వున్న 14 గ్రామాలకి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ వేడివేడిగా ఉప్మా పెట్టేవారు. మనింట్లో ఆవాలు, కరివేపాకు పోపుతో చేసే బొంబాయిరవ్వ ఉప్మా కాదు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయానూనెతో వండినది. తల్లికి రోజుకి సుమారు 500 కాలరీలు, 20-25 గ్రాముల మాంసకృత్తులు. పిల్లకి 300 కాలరీలు, 8-10 గ్రాములు. తల్లికి ఇలా పెడితే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నది అప్పటి ప్రశ్న.

అక్కడితో ఆ కథ ముగిసిపోవలసింది. కాని అప్పుడు పుట్టిన పిల్లలు ఎవరెవరో, ఏ తల్లి బిడ్డలో కాగితాలలో వుంది. 2003-05లో, అంటే ఆ పిల్లలకి మీసకట్టు వచ్చే వయసులో, మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళి వెతికి పట్టుకున్నారు. ఈసారి లండన్‌లోని వైద్య పరిశోధకులు కూడా కలిశారు. 13 నుంచి 18 ఏళ్ళ వయసున్న 1,165 మంది దొరికారు.

ఎందుకు వెతికారో చెప్పాలి. కడుపులో వున్నప్పుడు సరిగా తిండి అందని బిడ్డకి పెద్దయ్యాక గుండెజబ్బు, చక్కెర వ్యాధి వచ్చే ముప్పు ఎక్కువని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు 1980లలో ఒక వాదం లేవదీశాడు. దాంతో మరో భయం కూడా పుట్టింది. తరతరాలుగా అరకడుపుతో పెరిగిన కుటుంబాల పిల్లలకి ఒక్కసారిగా అదనపు తిండి పెడితే కొవ్వు పట్టి మరింత చెడుతుందేమో? అలా అయితే దేశమంతా పెడుతున్న అంగన్‌వాడీ తిండి మేలు చేస్తున్నట్లా, కీడు చేస్తున్నట్లా? ఇది చిన్న ప్రశ్న కాదు. కోట్లమంది పిల్లల నోటి దగ్గరి ముద్దకి సంబంధించిన ప్రశ్న.

2008లో జవాబు వచ్చింది. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. చిటికెనవేలి వెడల్పంత అన్నమాట. కొవ్వు మాత్రం ఎక్కువ పట్టలేదు. ఇన్సులిన్‌కి శరీరం లొంగని గుణం, అంటే చక్కెర వ్యాధికి దారితీసేది, వాళ్ళలో 20 శాతం తక్కువగా వుంది. రక్తనాళాల బిగువు కూడా కొంచెం తక్కువే. రక్తపుపోటులోనూ రక్తంలోని కొవ్వులోనూ తేడా కనపడలేదు. ఉప్మా ఒక్కటే ఈ పని చేసిందని గట్టిగా చెప్పడానికి వీలులేదు. అంగన్‌వాడీతో టీకాలు, ఆరోగ్య సలహాలు కూడా వస్తాయి కదా. అయినా తిండి పెడితే చెడతారేమోనన్న భయానికి ఆధారం లేదని మాత్రం తేలింది. ఆ పిల్లలు 20-25 ఏళ్ళవాళ్ళయ్యాక చూస్తే, చిన్నతనంలో ఆ తిండి అందినవాళ్ళలో హైస్కూలు చదువు పూర్తిచేసినవాళ్ళు ఎక్కువగా వున్నారట. అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళు తక్కువట. బిడ్డ బరువు చూద్దామని మొదలుపెట్టినవాళ్ళు ఆ బిడ్డల చదువులూ పెళ్ళిళ్ళూ కూడా చూశారు!

2010-12లో తల్లుల్నీ తండ్రుల్నీ అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ కూడా పిలిచి దాన్ని కుటుంబాల పరిశోధనగా మార్చారు. పిలవవలసినవారు 10,213 మంది. వచ్చినవారు సుమారు 6,225 మంది. నూటికి 61 మంది వచ్చారు కనుక తక్కువేమీ కాదు. కాని రానివారి సంగతి ఆలోచించండి. పట్నానికి కూలికి పోయినవారు, అత్తారింటికి వెళ్ళిపోయిన ఆడపిల్లలు, మంచాన పడ్డవారు, "మాకేమొస్తుంది" అన్నవారు. ఆరోగ్యంగా, తీరుబడిగా వున్నవారే వస్తే ఊరంతా ఆరోగ్యంగా వున్నట్లు లెక్క తేలుతుంది. అంచేత చేరి రెండోసారికి మానేయడం కన్న ముందే ఆలోచించుకుని చేరడం మంచిది. మానేసే హక్కు మీకు ఎప్పుడూ వుంటుంది, అది వేరే సంగతి.

మరి మీకేమిటి?

ఉన్నదున్నట్లు చెప్పాలంటే, ఇటువంటి పరిశోధన వల్ల ముఖ్యంగా లాభం పొందేది మీరు కాదు. మీ మనవలు, మీ ఊరివాళ్ళు. ఫ్రేమింగ్‌హామ్‌లో 1948లో రక్తం ఇచ్చిన చాలామందికి అప్పట్లో బి.పి.కి పనికొచ్చే మంచి మందులే లేవు. మీకు దొరికేది ఉచితంగా కొన్ని పరీక్షలు, అవీ ఫలితాలు మీకిస్తేనే. ఇదే సంపూర్ణ ఆరోగ్య పరీక్ష అనుకుని నిశ్చింతగా కూర్చోవద్దు. వాళ్ళు కొలిచేది వాళ్ళకి కావలసినవి మాత్రమే. "సర్వేవాళ్ళు చూసి ఏమీ లేదన్నారు" అని ఛాతీనొప్పిని అశ్రద్ధ చేయడం ఎంతమాత్రం తగదు.

రక్తం గురించి భయం అక్కర్లేదు. సాధారణంగా తీసేది నాలుగైదు టీ చెంచాలకి మించదు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు ఐదు లీటర్లుంటుంది. సూది, సిరంజి కొత్తవి మీ కళ్ళముందే విప్పుతున్నారో లేదో చూసుకోండి.

సంతకం విషయంలో మాత్రం గట్టిగా వుండండి. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నియమాల ప్రకారం, ఎందుకు చేస్తున్నారు, ఏమేం తీసుకుంటారు, ఎంతకాలం, మీకు కలిగే లాభనష్టాలేమిటి అన్నవి మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసి ఇవ్వాలి. తెలుగులో ఇవ్వమని అడగండి. చదువురాని వారికి పైకి చదివి వినిపించాలి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన వుండాలి. సంతకం పెట్టిన కాగితం నకలు మీ చేతికి ఇవ్వాలి. నైతిక సంఘం అనుమతి వుందో లేదో, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో అందులో వుంటుంది. ఇవేమీ లేకుండా "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అంటే వేయవద్దు.

మన ఇళ్ళలో ఇంటిపెద్ద సంతకం పెడితే అందరి తరఫునా పెట్టినట్లే అనుకుంటాం. ఇక్కడ అలా చెల్లదు. డిగ్రీ చదివే మీ అమ్మాయికి పద్ధెనిమిది నిండివుంటే తన సంతకం తనదే. తండ్రి ఒప్పుకున్నా ఆమె వద్దంటే వద్దే, ఆమె వస్తానంటే అది కూడా ఆమె ఇష్టమే. పదో తరగతి అబ్బాయి విషయంలో మీ సంతకంతోపాటు వాడి ఒప్పుకోలు కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. మీ అత్తగారు రానంటే ఆమెను బలవంతం చేయవద్దు. కాని ఇంట్లో తప్పక రావలసిన మనిషి ఎవరని నన్నడిగితే ఆమె పేరే చెబుతాను. మూడు తరాలలో మొదటి తరం ఆమే కదా.

ఇక గుట్టు సంగతి. సరిగా నడిపే పరిశోధనలో మీ పేరు ఒకచోట, మీ ఫలితాలు ఒకచోట వుంటాయి. ఫలితాల మీద నంబరే గాని పేరుండదు. అచ్చయ్యే వ్యాసాలలో వెయ్యిమంది సగటు కనిపిస్తుంది గాని మీ అమ్మాయి చక్కెర ఎంతో కనిపించదు. అయినా అడగవలసినవి అడగండి. ఫలితాలు ఎవరి చేతికి ఇస్తారు? ఇంటికి పంపితే ఎవరు విప్పుతారు? ఒక్కొక్కరివి విడిగా కవరులో పెట్టి ఇమ్మనండి. వీధిలో నిలబడి బిగ్గరగా చదివే ఆరోగ్య కార్యకర్త వల్ల పోయే గుట్టు ఏ కంప్యూటరు వల్లా పోదు! మిగిలిన రక్తం ఏమవుతుంది, డి.ఎన్.ఏ. తీసి దాస్తారా, ఎవరికైనా ఇస్తారా అన్నవి కూడా అడగండి. ఇది పెద్దచోట్లా లేచిన ప్రశ్నే. ఫ్రేమింగ్‌హామ్ కుటుంబాల వివరాలతో ఒక లాభాపేక్ష కంపెనీ పెట్టాలని 2000లో బోస్టన్ విశ్వవిద్యాలయంవారు తలపెట్టారు. ఆ వివరాలు ఎవరికి ఏ షరతులమీద అందాలన్న దాని మీద తకరారు వచ్చి, ఆ ఏడు తిరక్కుండానే ఆ ఆలోచన విరమించుకున్నారు.

పెళ్ళి సంబంధాల భయం గురించి ఒక్కమాట. మీ అమ్మాయికి ఏమీ లేకపోవచ్చు, అదే ఎక్కువ అవకాశం. ఒకవేళ చక్కెర కొంచెం హెచ్చుగానో, రక్తం తక్కువగానో వుందనుకోండి. కాగితం మీద రాయనంత మాత్రాన అది ఒంట్లోంచి పోదు. పెళ్ళయి, నెల తప్పాక, అత్తారింట్లో బయటపడుతుంది. అప్పుడు తల్లికీ కడుపులో బిడ్డకీ కూడా ప్రమాదం. ఇరవై ఏళ్ళకి తెలిస్తే తిండి మార్చుకుని, మాత్రలు వేసుకుని సరిచేసుకోవడానికి వ్యవధి వుంటుంది. రక్తహీనత సంగతైతే మందులతో కొన్ని నెలలలో సరిపోవచ్చు.

ఏ సర్వేలోనూ చేరని పాఠకులు కూడా ఈ ఆదివారం చేయదగిన పని ఒకటుంది. ఇంట్లో ఒక నోటుపుస్తకం తీసి, పెద్దవాళ్ళు వుండగానే వాళ్ళని అడిగి రాయండి. తండ్రి, తల్లి, వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతలు, అమ్మమ్మలు. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చింది? ముఖ్యమైనది ఆ వయసే. తాతగారికి 82వ ఏట గుండెపోటు రావడం వేరు, మేనమామకి 48వ ఏట రావడం వేరు. "గుండె ఆగి పోయారు" అని రాయకండి. ఎవరైనా పోయేది గుండె ఆగే. అంతకుముందు ఛాతీ నొప్పి వచ్చిందా, చెయ్యీ కాలూ పడిపోయాయా, చక్కెర వుందా, కాలి పుండు మానలేదా అని గుచ్చి అడగండి. తల్లి వైపువారిని వదిలేయడం మన అలవాటు. వదలకండి. ఇంటిపేరు తండ్రినుంచే వచ్చినా, జబ్బు రెండువైపులనుంచీ వస్తుంది. మేనరికాలున్న ఇళ్ళలో ఆ సంగతి కూడా రాసుకోండి. అక్కడ రెండువైపులూ ఒకవైపే అవుతాయి.

తండ్రికి 55లోపు, తల్లికి 65లోపు గుండెపోటుగాని పక్షవాతంగాని వచ్చిన ఇళ్ళలో పిల్లలు ముప్ఫై దాటకుండానే బి.పి., చక్కెర, కొలెస్టరాల్ చూపించుకోవాలి. ఆ ఇంట పుట్టినవాడు సిగరెట్టు కాల్చడం ఎండుగడ్డి వామి పక్కన చలిమంట వేసుకోవడం వంటిది.

సర్వేకి వెళ్ళే రోజున రాత్రి భోజనం తర్వాత పరగడుపున రమ్మంటే మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవద్దు, కాఫీ కూడా కాదు. మీ అత్తగారు బి.పి. మాత్ర వేసుకోవాలా వద్దా అని ముందురోజే వారిని అడిగి వుంచుకోండి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకువెళ్ళండి. బి.పి. చూసేముందు అయిదు నిమిషాలు కూర్చోనివ్వమనండి. 140/90 దాటిందంటే కంగారుపడక, మరో రెండు రోజులలో మీ డాక్టరు దగ్గర మళ్ళీ చూపించుకోండి. పరగడుపు చక్కెర 126 గాని అంతకంటె ఎక్కువ గాని వస్తే అదీ ఇంకొకసారి చూపించుకోవలసిందే.